రెండెకరాలు, రెండున్నరేళ్లు

పాపకు ఆరేళ్లు. ఒకటో తరగతి. సంక్రాంతికి ముందు నెల రోజులపాటు జ్వరం వస్తూ పోతూ ఉంది. కాళ్లు నొప్పులంటే, ఎదిగే పిల్లలకు మామూలేనని నూనె రాశారు. ఒంటి మీద నీలం మచ్చలు కనపడ్డాక ఖమ్మంలో రక్తపరీక్ష చేయించారు. ఆ కాగితం చూసిన డాక్టరు ఎక్కువ మాట్లాడలేదు, హైదరాబాద్‌కు రాసిచ్చాడు. ఎముక మజ్జ పరీక్షలో తేలింది: అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా. పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే.

నేను పాపకు పెదనాన్న వరస. ఆ సాయంత్రం ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాంటీన్ పక్కన సిమెంటు బెంచీ మీద పాప తండ్రీ, మేనమామా రెండు గంటలు వాదించుకున్నారు. తండ్రికి రెండెకరాల మిర్చి చేను. మేనమామ ఖమ్మంలో మందుల షాపులో పనిచేస్తాడు. పాప బతకాలన్నదే ఇద్దరి ఆరాటమూ. అయినా మాటలు ఒకరికొకరికి గుచ్చుకున్నాయి. మధ్యలో కూర్చుని విన్నవాణ్ణి కాబట్టి గుర్తున్నంత వరకు రాస్తున్నాను. ఇదే వాదన ఇప్పుడు ఇంకో బెంచీ మీద ఇంకెవరో చేస్తూనే ఉంటారు.

బావమరిది: ఈ రాత్రికి పొలం అమ్మకు బావా. ఒక్క రాత్రి ఆగు.

బావ: ఎందుకాగాలి? పన్నెండు లక్షలవుతుందన్నారు. పొద్దున్నే మూడు లక్షలు అడ్వాన్సు కట్టమన్నారు. నా దగ్గరున్నది నలభై వేలు. అడిగినవాళ్లలో ఒక్కడే కొంటానన్నాడు.

బావమరిది: ఎంతకి?

బావ: ఎకరం పదకొండు.

బావమరిది: నిరుడు పక్క చేను పద్దెనిమిదికి పోయింది కదా.

బావ: అది అమ్మినాయన పిల్ల ఆసుపత్రిలో లేదు. నా అవసరం వీడికి తెలిసింది, రేటు దించాడు. యార్డులో మిర్చి బస్తాల ముందు నిలబడి ఇన్నేళ్లుగా నేను చూస్తున్నదేగా.

బావమరిది: అందుకే ఆగమంటున్నా. నువ్వు దీన్ని ఆపరేషన్ లెక్కలో చూస్తున్నావు. కోశారు, కుట్టారు, ఇంటికి పంపారు అన్నట్టు. డాక్టరమ్మ ఏం చెప్పింది? రెండున్నరేళ్లు అంది. మొదటి నెల గట్టి మందులు. తర్వాత కొన్ని నెలలు వచ్చిపోతూ ఇంజెక్షన్లు, వెన్నులోకి మందు. ఆ పైన ఏడాదిన్నర, రెండేళ్లు ఇంటి దగ్గర మాత్రలు, మధ్యమధ్యలో రక్తపరీక్షలు. పాత బాకీలు పోను నీ చేతికొచ్చేది పద్నాలుగు లక్షలు. పన్నెండు ఇక్కడ పోస్తావు. అదీ అన్నీ సవ్యంగా జరిగితేనే. జ్వరమొచ్చి ఐసీయూలో పెడితే ఆ ఖర్చు వేరే అని ఆ కాగితం అడుగునే రాసుంది, చదివావా?

బావ: చదివా. ముందు ఈ నెల గడవాలి కదరా. ఈ నెల గట్టెక్కితేనే కదా నీ రెండున్నరేళ్లు. పిల్లకి తెల్లకణాలు పడిపోతాయి, పక్కనెవరు దగ్గినా ప్రమాదమేనని ఆ డాక్టరమ్మే చెప్పింది. సర్కారు ఆసుపత్రిలో జనం ఎట్లా ఉంటారో నీకు తెలీదా? ఆ గుంపులో నా పిల్లని పడుకోబెట్టి పొలం మిగుల్చుకున్నాననుకో. రేపు ఏదన్నా అయితే ఆ చేలో ఎట్లా కాలు పెడతా?

మేనమామకి దీనికి వెంటనే జవాబు దొరకలేదు. నాకూ దొరకలేదు. మొదటి వారాల్లో ఈ పిల్లలకు జబ్బుతో ఎంత ముప్పో ఇన్‌ఫెక్షన్‌తోనూ అంతే ముప్పు. తండ్రి భయం ఉత్తుత్తి భయం కాదు.

బావమరిది: ఆ భయం నాకూ ఉంది. కానీ సర్కారు అనగానే నీ కళ్లముందు మన ఏరియా ఆసుపత్రి వరండా కనపడుతోంది. రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ఉంది, క్యాన్సర్‌కే కట్టింది. పిల్లల డాక్టర్లు వేరే ఉంటారు. పాపకు వచ్చిన జబ్బు వాళ్లు రోజూ చూసే జబ్బు. మందులా, ఎక్కడైనా అవే. విన్‌క్రిస్టిన్, ఆస్పరాజినేస్, ప్రెడ్నిసొలోన్. ఇక్కడి సీసాలో ఒకటి, అక్కడి సీసాలో ఒకటి ఉండదు. అదీ వద్దంటే ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్‌లో ఉన్న ప్రైవేటు ఆసుపత్రిలో అడుగుదాం. కుటుంబానికి ఏటా పది లక్షల వరకు ఉంది. పాప పేరు కార్డులో ఎక్కింది కదా.

బావ: పది లక్షలని పేపర్లో రాస్తారు. 2025లో బకాయిలు రాలేదని ఆ నెట్‌వర్క్ వాళ్లే ఆరోగ్యశ్రీ ఆపేశారు, గుర్తుందా? ఒకసారి కాదు. ఆంధ్రలోనూ అదే గొడవ. కీమో సగంలో ఉండగా అట్లా ఆపితే? పైగా ఆరోగ్యశ్రీ అనగానే కౌంటర్లో మొహం మారుతుంది. డబ్బు కట్టినవాడు గట్టిగా అడుగుతాడు. ఊరికే వచ్చినవాడు చేతులు కట్టుకుని నిలబడాలి.

బావమరిది: ఎందుకు కట్టుకోవాలి? 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇది మొదలైంది. అంతకుముందు మనలాంటివాడి పిల్లకి పెద్ద జబ్బొస్తే ఎమ్మెల్యే చుట్టూ తిరిగి ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టుకుని కబురు కోసం చూడాల్సిందే. ఇప్పుడు కార్డు నీ చేతిలో ఉంది. ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గరికి పోయి, అనుమతి ఎందుకు ఆగింది, ఏ కాగితం తక్కువైందని అడుగు. గట్టిగానే అడుగు. రెండు ప్రభుత్వాలు మారినా ఎత్తేయలేకపోయారంటే జనం అడగబట్టే కదా.

బావ: ఆపేస్తే ఏం చేస్తావో అది చెప్పలేదు.

బావమరిది: కొంటాం. ఆ రోజు మందు కొనడానికే చేతిలో డబ్బుండాలంటున్నా. పొలం ఆ రోజుకి కావాలి బావా. ఈ రోజే అమ్మేస్తే ఆ రోజు ఏం అమ్ముతావు?

బావ: అట్లాగైతే అప్పు చేస్తా. ఆరు లక్షలు ఇస్తానన్నాడు వడ్డీ వ్యాపారి.

బావమరిది: ఎంత వడ్డీ?

బావ: మూడు రూపాయలు.

బావమరిది: నెలకి పద్దెనిమిది వేలు. ముప్పై నెలలకి అయిదు లక్షల నలభై వేలు. అసలు అట్లాగే ఉంటుంది. మిర్చి రేటు చూస్తే ఎట్లా ఉందో నీకు తెలుసు. ఆ అప్పుకి ఎటు తిరిగీ పొలమే పోతుంది. పాస్‌బుక్ పోతే ఎకరానికి ఏటా వచ్చే పన్నెండు వేల రైతు భరోసా పోతుంది, రైతుబీమా పోతుంది...

బావ: ఆ బీమా మాట ఎత్తకు.

బావమరిది: ఎందుకు?

బావ: నిన్న రాత్రి ఆ లెక్క నేనూ వేశా.

కాసేపు ముగ్గురం మాట్లాడలేదు. క్యాంటీన్ కుర్రాడు గ్లాసులు తీసుకుపోయాడు. మేనమామ లేచి బావ పక్కకి వచ్చి కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. ఆ రాత్రి నుంచి పాప తండ్రిని ఒంటరిగా వదిలిపెట్టలేదు. ఎవరో ఒకరం పక్కన పడుకున్నాం. పిల్ల మంచం పట్టినప్పుడు అందరి కళ్లూ పిల్ల మీదే ఉంటాయి. బయట బెంచీ మీద కూర్చున్న తండ్రి మొహం ఎవరూ చూడరు. నేనూ అప్పటిదాకా చూడలేదు.

బావమరిది: నిన్నొకటి అడుగుతా, కోప్పడకు. నీకు ఈ ఆసుపత్రే కావాలని ఎందుకంత పట్టుదల?

బావ: నెల రోజులు ఆర్‌ఎంపీ దగ్గర సూదులు వేయించింది ఎవరు? నేను. మీ అక్క మొదటి వారంలోనే ఖమ్మం పోదామంది. మిర్చి కోతలున్నాయి, కూలీలు దొరకడం లేదు, ఇంకో రెండు రోజులు చూద్దామన్నది నేను. నాలుగు వందలతో పోయే రక్తపరీక్ష చేయించనివాణ్ణి నేను. ఇప్పుడు కూడా ఖర్చు తగ్గే దారి చూసుకోమంటావా?

బావమరిది: అదీ సంగతి. నువ్వు వైద్యానికి కట్టాలనుకోవడం లేదు బావా, జరిమానా కట్టాలనుకుంటున్నావు. ఆ జరిమానా నువ్వు కడితే పాపకి ఏం వస్తుంది? ఈ జబ్బుకి జ్వరం, కాళ్ల నొప్పులు రావడం, అది మామూలు జ్వరమని డాక్టర్లు సైతం మొదట అనుకోవడం ఎన్నో ఇళ్లలో జరిగింది. నీ తప్పు ఏదైనా ఉంటే, అది పోయిన నెలది. వచ్చే నెలల లెక్క సరిగ్గా వెయ్యి.

బావ: నువ్వు తండ్రివి కాదు. నీకు అర్థం కాదు.

బావమరిది: కాను. మేనమామని. కానీ షాపులో నిలబడి నేను చూసింది ఒకటి చెబుతా. మొదటి నెల ధారాళంగా కొంటారు. ఏ బ్రాండు అడిగితే అది. కొన్ని నెలలకి పిల్ల లేచి ఆడుకుంటుంది, జుట్టు మళ్లీ వస్తుంది. అప్పటికి ఇంట్లో డబ్బైపోతుంది. పిల్ల బాగానే ఉందిగా, ఈ మాత్రలు వచ్చే నెల తీసుకుంటామంటారు. ఆ వచ్చే నెల మరి రాదు. తర్వాతెప్పుడో జబ్బు తిరగబెట్టిందని వింటాం. ఒకటీ రెండూ కాదు, నాకు గుర్తున్న మొహాలే మూడున్నాయి.

ఇక్కడ నా మాటగా ఒకటి చెప్పాలి. ధనిక దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో నూటికి 80 మందికి పైగా బతుకుతున్నారని, పేద, మధ్యాదాయ దేశాల్లో చాలాచోట్ల 30 మంది కూడా బతకడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జబ్బు ఆలస్యంగా కనిపెట్టడం, చికిత్స అందకపోవడంతోపాటు, మొదలుపెట్టిన చికిత్సను మధ్యలో వదిలేయడం కూడా అది చెప్పే కారణాల్లో ఉంది. వదిలేసేవాళ్లు పిల్లల మీద ప్రేమ లేక వదిలేయరు. చాలామంది ముందే అంతా ఖర్చుపెట్టేసి వదిలేస్తారు.

బావ: సరే, నువ్వన్నట్టే పోదాం. మందులు ఉచితం. గది? తిండి? మీ అక్క పిల్లతో ఇక్కడ, చిన్నోడు మా అమ్మ దగ్గర, నేను చేను దగ్గర. మీ అక్కకి ఎక్స్‌ప్రెస్ బస్సులో టికెట్ లేదు, నాకుంది. కూలికి పోయే రోజులు పోతాయి. ఇవన్నీ ఏ ఆరోగ్యశ్రీ ఇస్తుంది?

బావమరిది: ఇవ్వదు. అక్కడ నీదే నిజం. ఆంధ్రలో 2019లో ఆరోగ్య ఆసరా అని పెట్టి, కోలుకునే రోజులకి రోజుకి 225 రూపాయలు, నెలకి అయిదు వేల దాకా అన్నారు. మంచానపడ్డ ఇంటికి కూలి కూడా పోతుందని ఒక ప్రభుత్వం ఒప్పుకున్నట్టే కదా. రెండున్నరేళ్లు సాగే పిల్లల జబ్బుకి ఇక్కడా, అక్కడా అట్లాంటిది గట్టిగా ఉండాలి. అది వచ్చేదాకా ఉన్నవి వాడుకుందాం. క్యాన్సర్ పేషెంటుకి వైద్యానికి పోయేటప్పుడు రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ ఉచితం, వెంట ఉన్న ఒకరికి ముప్పావు వంతు రాయితీ. ఆసుపత్రి సర్టిఫికెట్ కావాలి. సెయింట్ జ్యూడ్ ఇండియా వాళ్లు క్యాన్సర్ పిల్లలకీ తల్లిదండ్రులకీ హైదరాబాద్‌లోనూ ఉచితంగా గదులిస్తారు. ఆసుపత్రి నుంచే పంపాలి, ఖాళీ ఉండాలి. మొదటి రోజే అడగాలి. ఇంకా తక్కువైతే నలుగుర్నీ అడుగుదాం. పాప ఫొటో, రిపోర్టు పెట్టి వాట్సాప్‌లో పంపితే...

బావ: ఫొటో పెట్టను.

బావమరిది: అందరూ పెడుతున్నారు బావా.

బావ: పెట్టుకోనీ. జుట్టూడిన పిల్ల ఫొటో, ముక్కులో గొట్టం ఉన్న ఫొటో ఊరూరా తిరుగుతుంది. నా పిల్ల బతుకుతుంది. బతికి పదో తరగతికి పోయినప్పుడు ఎవడో ఒకడు ఆ ఫొటో తీసి చూపిస్తాడు. అప్పుడు నా మొహం చూసి అడుగుతుంది, నాన్నా, నన్నడిగావా అని. ఏం చెప్పాలి? ఏడుపు మొహం ఎంత బాగా పడితే అంత డబ్బు వస్తుందట. నా పిల్లని ఆ పోటీలో నిలబెట్టను.

ఈ మాటకి మేనమామ తల వంచుకున్నాడు. నా మటుకు నాకు ఆ రెండు గంటల్లో వాళ్లిద్దరూ అన్నవాటిలో అన్నిటికన్నా గట్టి మాట ఇదే. ఆరేళ్ల పిల్లకి మానం ఏమిటని తేలిగ్గా అనేస్తాం. అది ఉందని ఆ తండ్రికి తెలుసు.

బావమరిది: ఫొటో వద్దు. ఒప్పుకున్నా. కానీ అడగడం కూడా వద్దంటావా?

బావ: చెయ్యి చాచడం మా ఇంటా వంటా లేదు.

బావమరిది: రేపు ప్లేట్‌లెట్లు కావాలంటే ఊళ్లో నుంచి అయిదుగురు కుర్రాళ్లు రాత్రి బస్సెక్కుతున్నారు. వాళ్లనెవరు పిలిచారు?

బావ: నేనే. రక్తం వేరు.

బావమరిది: ఏం వేరు? ఒక్క దాత దగ్గర తీసిన ప్లేట్‌లెట్ల ప్యాకెట్ పదివేల పైమాట. ఒంట్లోంచి తీసిచ్చేది పుచ్చుకుంటావు, జేబులోంచి తీసిచ్చేది పుచ్చుకోవా? ఇంకోటి విను. ఫార్మసీ చదివేటప్పుడు మా సారు చెప్పాడు. పాప ముందుముందు వారానికోసారి వేసుకునే మాత్ర మెథోట్రెక్సేట్. మా షాపులో పసుప్పచ్చటి చిన్న మాత్ర, ఖరీదు పెద్దగా ఉండదు. అది పుట్టిన ఇంటి పెద్ద మనవాడే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికా పోవడానికి ఆయన దగ్గర డబ్బు లేదు. మామగారు కొంత ఇచ్చాడు, కాకినాడలో మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత ఇచ్చింది. అక్కడ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల బెడ్‌పాన్లు ఎత్తి బతికాడు. తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన బృందం అమినోప్టెరిన్ తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ డాక్టరు దాన్ని ల్యుకేమియా పిల్లలకి ఇచ్చి 1948లో ఫలితాలు రాశాడు. అంతవరకు ఈ జబ్బు ఏ మందుకీ లొంగలేదు. దాని వెనకే వచ్చింది మెథోట్రెక్సేట్. కాకినాడలో ఎవరో ధర్మానికి రాసిచ్చిన డబ్బు ఆ దారిన తిరిగి తిరిగి రేపు పాప నోట్లోకి మాత్రగా వస్తోంది. ఆ రోజు ఆయన చెయ్యి చాచనంటే?

బావ: కథలు బాగా చెబుతావు.

బావమరిది: కథ కాదు, బిళ్ల మీద ఉన్న మందు పేరు చెబుతున్నా.

అప్పుడు పాప తల్లి బయటికొచ్చింది. మెట్ల మీద నిలబడి ఎంతసేపటి నుంచి వింటోందో తెలీదు. ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

‘పాప పెరుగన్నం అడిగి రెండు ముద్దలు తింది. పొలం కాగితాల్లో నా పేరు లేదు, అందుకే నన్నెవరూ అడగలేదు. నా మెడలో నాలుగు తులాలు ఉంది. పొద్దున్నే బ్యాంకులో పెట్టండి, రూపాయి లోపు వడ్డీకే ఇస్తారు. రెడ్‌హిల్స్ పోదాం. అక్కడ డాక్టర్లతో మాట్లాడాక కూడా నాకు నమ్మకం కుదరకపోతే అప్పుడు పొలం అమ్మండి, నేనే సంతకం పెట్టిస్తా. ఫొటో మాత్రం వద్దు. ఆయన చెప్పింది నిజం.’

రెండు గంటలు వాదించిన ఇద్దరు మగవాళ్లకీ, మధ్యలో కూర్చున్న నాకూ బంగారం మాట తోచలేదు. మూడు రూపాయల వడ్డీకి, ముప్పావలా వడ్డీకి ఉన్న తేడా ఆ ఇంట్లో అందరికన్నా బాగా ఆమెకే తెలుసు.

మర్నాడు పాపను మార్చాం. ఆరోగ్యశ్రీ అనుమతి వచ్చింది. మొదటి నెలలో రెండుసార్లు జ్వరం వచ్చింది, ఆ రెండు రాత్రుళ్లూ పాప తండ్రి మా మొహాలు చూడలేదు. నెలాఖరు పరీక్షలో మజ్జలో క్యాన్సర్ కణాలు కనిపించలేదు. చికిత్స మాత్రం ఇంకా రెండేళ్లకు పైగా ఉంది. ఒక ఎకరం కౌలుకిచ్చారు. రెండో ఎకరంలో ఈసారి మిర్చి మాని పెసలు వేశారు, పెట్టుబడి తక్కువని. నాలుగు తులాలు బ్యాంకులోనే ఉన్నాయి. గది అద్దె, పళ్లు, ఆటో, బయట చేయించిన పరీక్షలకు ఇప్పటికే లక్ష దాటింది. కొంత ఊరివాళ్లు ఇచ్చారు, ఆయన పుచ్చుకున్నాడు. ఎవరెంత ఇచ్చారో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాడు.

పాపకు ఇది నాలుగో నెల. మొదటి వారంలో మా ఫోన్లు తీరిక లేకుండా మోగాయి. ఇప్పుడు రోజుకి ఒకటి వస్తే ఎక్కువ. మీకు తెలిసిన ఇంట్లో ఇలాంటి పిల్ల ఉంటే, చికిత్స మొదలై ఏడాది దాటి ఉంటే, ఈ వారం ఒకసారి ఫోన్ చెయ్యండి. ఈ నెల మాత్రలు కొన్నారా అని అడగండి.